మా రోజుల్లో రెండంటే రెండే

"ఎక్కడుందిరా మీ డొమైన్ కంట్రోలర్?" అని అడిగితే ఈ కాలం కుర్రాళ్లు తెర మీద వేలు పెట్టి చూపిస్తారు. అది కాదురా, ఏ గదిలో, ఏ పెట్టెలో ఉందని రెట్టిస్తే తెల్లమొహం వేస్తారు. "క్లస్టర్‌లో ఉంది మావయ్యా, ఎక్కడుంటే ఏముంది?" అంటాడు మా మేనల్లుడు. ఎక్కడుంటే ఏముందా? ఉన్నదంతా అందులోనే ఉంది. నా కడుపుమంటంతా దాని గురించే.

మాది మాచవరం. పిడుగురాళ్లకు దగ్గర్లో, గురజాల నియోజకవర్గంలో మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లా వాళ్లమే. మిరప, పత్తి, సున్నం బట్టీల లారీలు తప్ప వేరే మాట పెద్దగా వినపడని ప్రాంతం నుంచి హైదరాబాదు వెళ్లి, ఒక కంపెనీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా తల నెరిసి, రిటైరయ్యాక మళ్లీ ఊరు చేరాను. ఇప్పుడు మా ఊళ్లోనే ఆ పని చేసే పిల్లలున్నారు. ఇన్వర్టరు ఒకటి, ఫైబర్ లైను ఒకటి పెట్టుకుని, మేడ మీద గదిలో కూర్చుని రాత్రంతా ఎక్కడో డల్లాస్ సర్వర్లను చూసుకుంటున్నారు. వాళ్ల తెలివిని నేను కాదనను. ఒక్క రాత్రిలో వాళ్లు లేపే మెషీన్లు మాకు ఏడాది పని. కాని తోడు పెట్టడం అనే సంగతి మాత్రం వాళ్లకు సరిగా ఎవరూ నేర్పలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆఫీసులో పొద్దున్నే మీరు పేరూ పాస్‌వర్డూ కొట్టగానే, ఈయన మనవాడే, ఈయనకు ఫలానా ఫలానా చోట్లకు ప్రవేశం ఉంది అని చెప్పేది డొమైన్ కంట్రోలర్. మేము ముద్దుగా డీసీ అంటాం. అది పలక్కపోతే మిగతా సర్వర్లన్నీ నిక్షేపంగా ఉన్నా ఎవరూ లోపలికి పోలేరు. జీతాలు, స్టాకు, మెయిలు అన్నీ ఆగిపోతాయి. అందుకే డీసీ ఎప్పుడూ ఒక్కటి ఉండకూడదు, కనీసం రెండుండాలి. ఈ మాట అప్పుడూ చెప్పారు, ఇప్పుడూ చెప్తున్నారు. తేడా అంతా ఆ రెండోదాన్ని ఎక్కడ పెట్టారన్నదే.

మా రోజుల్లో విండోస్ ఎన్‌టీ. 4.0 వచ్చింది 1996లో. డొమైన్‌కు ఒక పీడీసీ, అంటే ప్రైమరీ డీసీ; దానికి తోడు బీడీసీ, అంటే బ్యాకప్ డీసీ. ఏది రాయాలన్నా, ఏది కొట్టేయాలన్నా పీడీసీ మీదే. బీడీసీ దగ్గర ఉండేది నకలు. పీడీసీ పడిపోతే బీడీసీ లాగిన్లు నడిపించేది గాని, కొత్త ఉద్యోగిని చేర్చాలన్నా పాస్‌వర్డ్ మార్చాలన్నా కుదిరేది కాదు. అప్పుడు సర్వర్ మేనేజర్ తెరిచి బీడీసీకి పెద్దరికం కట్టబెట్టాలి. పైగా ఆ మెషీన్ బీడీసీ అవుతుందా, మామూలు సర్వర్ అవుతుందా అన్నది విండోస్ ఎక్కించే రోజునే తేల్చుకోవాలి. తరవాత మనసు మార్చుకుంటే మళ్లీ మొదటి ఫ్లాపీ నుంచీ మొదలు. ఎక్కించేటప్పుడు పీడీసీ వైరు మీద కనపడకపోతే బీడీసీ పుట్టనే పుట్టదు. ఇంత చాకిరీ ఉండబట్టి, ప్రతి డీసీని పెట్టేముందు ఇది ఎక్కడుండాలి, ఎందుకుండాలి అని కూర్చుని ఆలోచించేవాళ్లం.

మా పీడీసీ మూడో అంతస్తులో ఏసీ గదిలో ఉండేది. బీడీసీ మొదటి అంతస్తులో, అకౌంట్స్ వాళ్ల ఇనప బీరువా పక్కన. దాని యూపీఎస్ వేరు, దాని ఫేజు వేరు, అది తగులుకున్న హబ్ వేరు. ఎలక్ట్రీషియన్ ఒకసారి ఖర్చు కలిసొస్తుందని రెండింటికీ ఒకే లైను లాగబోతే మా మేనేజరు గారు నిలబెట్టి కేకలేశారు. "మూడో అంతస్తు తగలబడిపోయినా మొదటి అంతస్తులో జీతాల బిల్లు ప్రింటు కావాలి" అనేవారాయన. ఆయన ఏ కాలేజీలోనూ కంప్యూటర్లు చదవలేదు. స్టోర్స్ లెక్కలు రాసే గుమాస్తాగా చేరి, ఈ పని చేస్తూ చేస్తూ నేర్చుకున్న మనిషి. రెండో సర్వర్ కొనమని యాజమాన్యాన్ని ఒప్పించడానికి ఆయన పడిన పాట్లు నాకు తెలుసు. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని మొదటిదాని పక్కనే పెట్టుకుంటే లాభమేమిటి?

ఇంకొకటి కూడా చేసేవాళ్లం, ఈ కాలంలో అది చేసేవాడు నాకు కనపడడం లేదు. నెలకో ఆదివారం పీడీసీ నెట్‌వర్క్ వైరు పీకి పక్కన పెట్టేవాళ్లం. షట్‌డౌన్ కాదు, వైరు పీకడమే, ఎందుకంటే నిజంగా చెడిపోయేటప్పుడు ఏ మెషీనూ మర్యాదగా సెలవు తీసుకుని పోదు. ఆ తరవాత ప్రతి డిపార్ట్‌మెంటులో ఒక మెషీన్ దగ్గర కూర్చుని లాగిన్ అయ్యేవాళ్లం. ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్ మెషీన్ మామూలుగా చివరి పది మంది లాగిన్లను తన దగ్గరే గుర్తుపెట్టుకుంటుంది. డీసీ చచ్చిపోయినా రోజూ కూర్చునేవాడు పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిచ్చేస్తుంది. అది చూసి బీడీసీ భేషుగ్గా పనిచేస్తోందని సంబరపడితే మోసపోయినట్టే. అందుకని స్టోర్స్ వాళ్ల మెషీన్ మీద అకౌంట్స్ మనిషి చేత, అకౌంట్స్ మెషీన్ మీద స్టోర్స్ మనిషి చేత లాగిన్ చేయించేవాళ్లం. అంతకుముందు ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోనివాడికి తలుపు తెరుచుకుంటేనే బీడీసీ బతికున్నట్టు. ఫలితం ఎర్ర అట్ట రిజిస్టరులో రాసి సంతకం పెట్టేవాళ్లం. అది పరీక్షంటే.

తరవాత 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000 వచ్చింది, దాంతో యాక్టివ్ డైరెక్టరీ, పొట్టిగా ఏడీ. పెద్దా చిన్నా తేడా పోయింది, ఏ డీసీ మీద రాసినా మిగతావాటికి పాకుతుంది. ఐదు ప్రత్యేక బాధ్యతలు మాత్రం ఒక్కొక్కటీ ఏదో ఒక్క డీసీ దగ్గరే ఉంటాయి. ఇది మంచి మార్పు, ఇందులో నాకు ఏ పేచీ లేదు.

పేచీ మొదలైంది అమీర్‌పేటలో. ఆ రోజుల్లో మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ కోర్సు ఎంసీఎస్ఈ బోర్డులే. పల్నాడు నుంచి, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో ఐదారుగురు సర్దుకుని ఆ కోర్సులు చదివి ప్రపంచమంతా వెళ్లారు. ఆ చదువంటే నాకు గౌరవం. ఇన్‌స్టిట్యూట్లలో అందరికీ రెండేసి మెషీన్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వచ్చింది కాబట్టి ఒకే మెషీన్‌లో రెండు డీసీలు, ఒక క్లయింటు లేపి అన్నీ నేర్చుకున్నారు. పేదింటి పిల్లలకు అది నిజంగా వరం. కాని ఆ పిల్లలే తరవాత ఆఫీసుల్లో పెద్ద ఇంజినీర్లయ్యాక, చదువుకునేటప్పుడు చేసినట్టే కంపెనీ డీసీలు రెండూ తీసుకుపోయి ఒకే పెట్టెలో పెట్టారు. పాఠానికి సరిపోయిన అమరిక జీవితానికి సరిపోదని చెప్పేవాళ్లు ఆ హడావుడిలో లేకపోయారు.

ఇలా ఒకే పెట్టెలో చాలా మెషీన్లు నడిపే వర్చువలైజేషన్ వద్దనేవాణ్ణి కాను నేను. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించినప్పుడు జనరేటర్ డీజిల్ బిల్లులు చూసినవాణ్ణి. గది నిండా సర్వర్లు, ఒక్కొక్కటీ తన సత్తాలో పదో వంతు కూడా వాడకుండా ఊరికే వేడి పుట్టిస్తూ కూర్చునేవి. అవన్నీ నాలుగు గట్టి పెట్టెల్లోకి, అంటే హోస్టుల్లోకి, సర్దితే ఏసీ బిల్లు తగ్గింది, బ్యాటరీలు ఎక్కువసేపు నిలిచాయి, ఒక హోస్టుకు రిపేరొస్తే అందులోని వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను, నడుస్తుండగానే పక్కదానికి జరిపేశాం. మెయిలు సర్వర్‌నో, ప్రింటు సర్వర్‌నో అలా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. డీసీ విషయం వేరు. అందరూ ఆధారపడేది దాని మీద, అది మళ్లీ ఇంకొకరి మీద ఆధారపడకూడదు.

స్నాప్‌షాట్ సంగతే తీసుకోండి. ఏదో అప్‌డేట్ వేసేముందు వీఎంకు స్నాప్‌షాట్ తీయడం, తేడా వస్తే ఒక్క నొక్కుతో వెనక్కి పోవడం ఈ తరానికి ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. డీసీకి అదే చేశారు. ప్రతి డీసీ తను చేసిన మార్పులకు వరస నంబర్లు వేసుకుంటుంది. నీ దగ్గర 5,000 దాకా తీసుకున్నానని పక్క డీసీ గుర్తు రాసుకుంటుంది. ఇప్పుడు మొదటిదాన్ని స్నాప్‌షాట్‌తో వెనక్కి లాగితే అది 4,000 దగ్గర లేచి, కొత్త మార్పులకు మళ్లీ 4,001 నుంచి నంబర్లు వేస్తుంది. ఇవి నా దగ్గరున్నవేగా అని పక్కది వాటిని తీసుకోదు. రెండూ పచ్చగా వెలుగుతుంటాయి, రెండూ పలుకుతుంటాయి, లోపల లెక్కలు మాత్రం వేరైపోతాయి. ఒక డీసీ దగ్గర పాస్‌వర్డ్ మారినట్టు, ఇంకో డీసీ దగ్గర మారనట్టు. ఉద్యోగం మానేసినవాడు ఒకచోట తీసేసి, ఇంకోచోట బతికి. దీన్ని యూఎస్ఎన్ రోల్‌బ్యాక్ అంటారు. కనిపెట్టగలిగిన చోట విండోస్ 2095 నంబరు ఈవెంట్ రాసి లాగిన్లు ఆపేస్తుంది. కనిపెట్టలేని చోట నెలల తరబడి అలాగే నడుస్తుంది.

దీనికి విరుగుడు 2012 సెప్టెంబరులో విండోస్ సర్వర్ 2012తో వచ్చింది. వీఎంలను నడిపే హైపర్‌వైజర్ ప్రతి వీఎంకు ఒక గుర్తు ఇస్తుంది. స్నాప్‌షాట్‌తో వెనక్కి పోతే ఆ గుర్తు మారుతుంది. డీసీ అది గమనించి, నేను వెనక్కి వచ్చాను, నన్ను కొత్తదానిగా చూడండి అని మిగతావాటికి చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో మైక్రోసాఫ్ట్‌లో సర్వర్ల విభాగాన్ని నడిపింది మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల. 2014 ఫిబ్రవరిలో కంపెనీకే పెద్ద అయ్యారు. మంచి పని జరిగింది, ఒప్పుకుంటాను. హైపర్-వీ, వీఎంవేర్, ప్రాక్స్‌మాక్స్ అనే హైపర్‌వైజర్లు మూడూ ఇప్పుడు ఆ గుర్తు ఇస్తున్నాయి. అయినా డీసీకి స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. ఈ మాట నేనెన్నిసార్లు చెప్పినా మా వాడికి ఎక్కడం లేదు.

మొన్న వేసవిలో మా వరండాలో, ఏది దేని మీద ఆధారపడిందో సుద్దముక్కతో గచ్చు మీద వాడి చేత గీయించాను. "మొత్తం కరెంటు పోయి వచ్చిందనుకో. నువ్వు మొదట ఏం చేస్తావు?"

"హోస్టులు ఆన్ చేస్తా మావయ్యా."

"హోస్టులోకి ఏ పేరుతో పోతావు?"

"నా ఏడీ అకౌంటుతోనే."

"ఏడీ ఎక్కడుంది?"

"వీఎంలో."

"ఆ వీఎం ఫైలు ఎక్కడుంది?"

"స్టోరేజ్‌లో."

"స్టోరేజ్ అడ్రస్ హోస్టుకు ఎవరు చెప్తారు?"

"డీఎన్ఎస్."

"డీఎన్ఎస్ ఎక్కడుంది?"

అక్కడ సుద్దముక్క ఆగింది. డీఎన్ఎస్ ఉన్నది డీసీలోనే. డీసీ లేవాలంటే స్టోరేజ్ కావాలి, స్టోరేజ్ దొరకాలంటే డీసీ లేవాలి. గీత గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చింది. వాడికి తెలియని విషయం ఇందులో ఒక్కటి కూడా లేదు. విడివిడిగా అన్నీ తెలుసు. కలిపి ఒకసారీ గీసి చూసుకోలేదు, అంతే.

2012కు ముందు హైపర్-వీ క్లస్టర్‌కు ఈ జబ్బు పుట్టుకతోనే ఉండేది. క్లస్టర్ లేవాలంటే డీసీ పలకాలి. డీసీలన్నీ ఆ క్లస్టర్‌లోనే వీఎంలుగా ఉంటే రెండూ లేవవు. అందుకే బయట ఒక ఇనప పెట్టె డీసీ ఉంచమనేవాళ్లు. 2012 నుంచి డీసీ పలక్కపోయినా క్లస్టర్ తనంతట తాను లేచేలా మార్చారు. వాళ్లు ఆ ముడి విప్పితే మనవాళ్లు కొత్త ముళ్లు వేసుకుంటున్నారు. హోస్టు రూట్ పాస్‌వర్డ్ దాచిన సాఫ్ట్‌వేర్‌లోకి పోవడానికి ఏడీ లాగిన్. బ్యాకప్ సర్వర్‌లోకి ఏడీ లాగిన్. సర్వర్ గది తలుపు కార్డుకు ఏడీ లాగిన్. నాకు తెలిసిన ఒక ఆఫీసులో యూపీఎస్ బ్యాటరీలు ఒకేసారి చేతులెత్తేసిన రాత్రి, నాలుగు డీసీలుండి కూడా మరునాడు సాయంత్రం దాకా ఒక్కరూ లాగిన్ కాలేకపోయారు. నాలుగూ ఒకే స్టోరేజ్ మీద ఉన్నాయి. మా పొలాల్లో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద రెండు మోటార్లు బిగించుకున్న రైతుకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజున రెండు మోటార్లున్నా ఒక్క చుక్క రాదు. ఆ సంగతి మాచవరంలో ఏ రైతును అడిగినా చెప్తాడు.

పెద్ద కంపెనీలకూ ఇదే గతి పట్టింది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కల సాఫ్ట్‌వేర్ ద్వారా బయల్దేరి ప్రపంచమంతా పాకింది. డెన్మార్క్ ఓడల కంపెనీ మెర్స్క్‌కు అప్పుడు దాదాపు 150 డీసీలుండేవి. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందని వాటిని ఒకదానికొకటి నకళ్లుగా పెట్టుకున్నారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు. అన్నీ ఒకేసారి పోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఆఫ్రికాలో ఘనా ఆఫీసులోది. మాల్‌వేర్ వచ్చే సమయానికి అక్కడ కరెంటు పోయి ఉంది! ఆ డీసీ నెట్‌వర్క్ మీద లేదు కాబట్టి బతికింది. డేటా ఇంగ్లండుకు పంపుదామంటే ఘనా లైను సరిపోలేదు. అక్కడి ఉద్యోగుల్లో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఘనా మనిషి నైజీరియా దాకా విమానంలో వెళ్లి, ఎయిర్‌పోర్టులో ఇంకో ఉద్యోగి చేతికి ఆ డిస్క్ ఇస్తే, ఆయన లండన్‌కు మోసుకుపోయాడు. ఆ తరవాతే 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ ఎక్కించుకోగలిగారు. కరెంటు కోతలను జీవితమంతా తిట్టుకున్న పల్నాడు మనిషిని నేను. ఈ ఒక్క కోతకు మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తప్పుగా పోయి 85 లక్షల విండోస్ మెషీన్లు కుప్పకూలినప్పుడు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కొన్ని కంపెనీల్లో ఆ మెషీన్లను మళ్లీ లేపడానికి కావలసిన డిస్క్ తాళాల నంబర్లు, పడిపోయిన సర్వర్లలోనే ఉన్నాయి. గచ్చు మీద మా వాడు గీసిన గుండ్రం గీతే అది కూడా.

ఇప్పుడు అసలు విషయం. బ్రాడ్‌కామ్ 2023 నవంబరు 22న వీఎంవేర్‌ను కొనేసింది. నెల తిరక్కుండానే, ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా వాడుకునే లైసెన్సులు అమ్మడం ఆపేసి, అద్దె పద్ధతిలోకి మార్చింది. బిల్లులు చూసి కంపెనీలు గగ్గోలు పెట్టాయి. ఏటీ అండ్ టీ అంతటి సంస్థ కోర్టుకెక్కింది. మిగతావాళ్లు ఉన్న వీఎంవేర్‌ను కొంత ఉంచుకుని, కొంత హైపర్-వీకో, ఆస్ట్రియా వాళ్ల ప్రాక్స్‌మాక్స్‌కో, న్యూటానిక్స్‌కో జరుపుకుంటున్నారు. మా మేనల్లుడి కంపెనీలోనూ అదే జరిగింది. ఒకే గదిలో రెండు రకాల వర్చువలైజేషన్. "రెండు కన్సోళ్లు, రెండు బ్యాకప్ పద్ధతులు, రెండు రకాల అప్‌డేట్లు, చచ్చిపోతున్నాం మావయ్యా" అని వాడి గోల.

ఆ గోలలో నిజముంది. కాని డీసీల వరకు చూస్తే ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదంటాను. ఇరవై ఏళ్లుగా ఎంత మొత్తుకున్నా ఎవరూ చేయని పనిని బ్రాడ్‌కామ్ బిల్లు చేయించింది. ఒక డీసీ వీఎంవేర్ మీద, ఇంకొకటి ప్రాక్స్‌మాక్స్ మీద, వేర్వేరు హోస్టుల్లో, వేర్వేరు స్టోరేజ్ మీద ఉంటే, ఒక కంపెనీ అప్‌డేట్ తప్పినా, ఒకరి లైసెన్స్ ముగిసినా రెండోది నిలబడుతుంది. మా మూడో అంతస్తు, మొదటి అంతస్తు లెక్క మళ్లీ వచ్చినట్టే కదా! దీన్ని తలనొప్పి అనుకుని, ఎప్పుడెప్పుడు అన్నీ కలిపి ఒకే కుప్ప చేద్దామా అని చూస్తున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

కలపకుండా ఉంచినా చేసే పద్ధతి సరిగా చేస్తారా అంటే అదీ లేదు. డీసీని ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి మార్చడానికి కన్వర్టర్ టూల్ పెట్టి, నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే కాపీ కొడతారు. పొరపాటున పాతదీ కొత్తదీ రెండూ ఒక్క గంట పక్కపక్కన నడిచినా ఆ డైరెక్టరీ పాడైపోతుంది. డీసీని మార్చాల్సిన పనే లేదు. కొత్త ప్లాట్‌ఫారం మీద ఖాళీ విండోస్ సర్వర్ ఎక్కించు, డొమైన్‌లో చేర్చి డీసీ చెయ్యి, నకలు తనే తెచ్చుకుంటుంది. రెప్‌అడ్మిన్, డీసీడయాగ్ కమాండ్లు కొట్టి తప్పులేమీ లేవని చూసుకో, పాతదాని దగ్గర ప్రత్యేక బాధ్యతలుంటే మార్చుకో, తరవాత పాతదాన్ని పద్ధతిగా దించెయ్యి. ఒక పూట పని. మేము బీడీసీ కట్టడానికి పడిన చాకిరీతో పోలిస్తే ఇది పనే కాదు. ఇంత సుఖం చేతిలో పెట్టుకుని అడ్డదారి ఎందుకు వెతుక్కుంటారో నాకర్థం కాదు.

గడియారం సంగతి ఇంకా అన్యాయం. క్లయింటు గడియారానికీ డీసీ గడియారానికీ ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే లాగిన్ కుదరదు. వీఎంవేర్ హోస్టు తన వీఎంకు ఒక టైము చెప్తుంది, హైపర్-వీ హోస్టు తన వీఎంకు ఇంకో టైము చెప్తుంది. ఆ హోస్టులు టైము ఎక్కడ తెచ్చుకుంటున్నాయంటే, డీసీ దగ్గర! మళ్లీ గుండ్రం గీతే. డీసీ వీఎంలకు హోస్టు నుంచి టైము తీసుకోవడం మాన్పించాలి. ఆ ఐదు ప్రత్యేక బాధ్యతల్లో ఒకటైన పీడీసీ ఎమ్యులేటర్ ఉన్న డీసీ బయటి టైము సర్వర్ నుంచి తెచ్చుకోవాలి, మిగతావి దాన్ని చూసి సర్దుకోవాలి. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ వాళ్లు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లోనే నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, ఎన్ఐసీ టైము సర్వర్లతో కలుపుకోమని చెప్పారు. చదివినవాళ్లు ఎందరు?

హోస్టులను డొమైన్‌లో చేర్చొద్దని కూడా నా వాదన. వీఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ హోస్టును డొమైన్‌లో చేరిస్తే, ఆ డొమైన్‌లో "ఈఎస్ఎక్స్ అడ్మిన్స్" పేరుతో గ్రూపు ఎవరు సృష్టించినా అందులో ఉన్నవాళ్లకు హోస్టు మీద పూర్తి అధికారం వచ్చేసేది. డబ్బు గుంజే ముఠాలు దాన్ని వాడుకుని హోస్టులకు హోస్టులే తాళం వేసేస్తున్నాయని 2024 జులైలో మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. డీసీకి ఇల్లిచ్చేది హోస్టు. ఆ ఇంటి తాళంచెవి మళ్లీ డీసీ చేతిలోనే పెడితే దొంగకు ఒక్కటి దొరికితే చాలు, రెండూ పోతాయి. హోస్టుకు సొంత పాస్‌వర్డ్ ఉండాలి, అది కాగితం మీద ఉండాలి, ఆ కాగితం బీరువాలో ఉండాలి. కాగితమంటే ఈ పిల్లలకు నామోషీ.

వీలైతే ఒక డీసీ వీఎం కాకుండా మామూలు పెట్టె మీదే ఉంచమంటాను. ఇది ముసలివాడి చాదస్తం కాదు. వర్చువలైజేషన్ మొత్తం దెబ్బతిన్నా నిలబడేందుకు డొమైన్‌కో ఇనప డీసీ ఉంచుకోమని మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఉంది. దానికి పెద్ద సర్వర్ అక్కర్లేదు, చిన్నపాటి మెషీన్ చాలు. ఆన్‌లో మాత్రం ఉండాలి. ఆఫ్ చేసి అల్మారాలో దాచిన డీసీ తోడు కాదు. మామూలు అమరికలో 180 రోజులు దాటితే డైరెక్టరీ దాన్ని మళ్లీ కలుపుకోదు, కలుపుకుంటే ఎప్పుడో కొట్టేసిన పేర్లు తిరిగి లేస్తాయి.

మా వాడు ఇవన్నీ వాళ్ల మేనేజరుకు చెప్పాడట. ఆదివారం పూట వైరు పీకి చూద్దామంటే "రిస్కు" అన్నాడట ఆయన. పీకి చూడకపోవడమే రిస్కు అని ఆయనకు ఎవరు చెప్పాలి? పండగ సెలవుల్లో ఒక రోజు చూద్దామని చివరికి సగం మాట ఇచ్చాడట. ఆ రోజు దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. డీసీ పూర్తిగా పాడైనప్పుడు డైరెక్టరీ లేకుండా లోపలికి పోవడానికి డీఎస్ఆర్ఎం అని వేరే పాస్‌వర్డ్ ఉంటుంది, డీసీ కట్టిన రోజున పెట్టేది. "ఎంతరా అది?" అని అడిగాను. వాళ్ల కంపెనీలో ఎవరికీ తెలియదు. పెట్టినవాడు కెనడా వెళ్లిపోయాడు. డీసీ నడుస్తుండగానే ఎన్‌టీడీఎస్‌యుటిల్ కమాండ్‌తో దాన్ని కొత్తగా పెట్టుకోవచ్చు, ఎవరి లాగినూ ఆగదు, ఐదు నిమిషాల పని. రెండు ప్లాట్‌ఫారాల మీద ఉన్న డీసీలన్నింటికీ ఒక్కొక్కదానికి ఒక్కో పాస్‌వర్డ్ ఈ వారంలోనే పెట్టి, కవర్లో సీలు వేసి, ఆ కవరు సర్వర్ గదిలో కాకుండా అకౌంట్స్ వాళ్ల బీరువాలో ఇమ్మన్నాను. బీరువా తాళం మామూలు ఇనప తాళమే కావాలని కూడా చెప్పాను.